జీసీసీ ‘వార్న్ అన్‌యూజ్డ్ రిజల్ట్’: మొండిదైనా నమ్మదగిన కాపలా

ఫంక్షన్ తిరిగి ఇచ్చిన ఎర్రర్ కోడ్‌ను చూడకుండా వదిలేసినా సీ ప్రోగ్రామ్ నిక్షేపంగా కంపైల్ అవుతుంది కనుక, ఫలితాన్ని వాడకపోతే హెచ్చరించే జీసీసీ కంపైలర్‌లోని ఈ యాట్రిబ్యూట్‌ను (ఫంక్షన్‌కు పెట్టే అదనపు గుర్తును) నా ఫంక్షన్లకు తగిలించి కొంతకాలంగా వాడుతున్నాను. తొలి బిల్డ్‌లోనే, డిస్క్ నిండితే మైనస్ ఒకటి ఇచ్చే నా సేవ్ ఫంక్షన్‌ను మూడు చోట్ల ఫలితం పట్టించుకోకుండా పిలిచానని బయటపడింది, సిగ్గుపడ్డాను. పిలుపు ముందు ‘ఈ ఫలితం అక్కర్లేదు’ అని చెప్పే వాయిడ్ క్యాస్ట్ పెట్టి తప్పించుకుందామన్నా ఇది ఊరుకోదు, సీ భాష సీ23 ప్రమాణంలో ఇలాంటి పనే చేసే ‘నోడిస్కార్డ్’ మాత్రం దానికి ఒప్పుకుంటుంది. కొందరికి చిరాకు తెప్పించే ఆ మొండితనానికే నేను ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను.

తగ్గిన ఆ ఒక్క మార్కుకు కారణం ఉంది. ఫలితాన్ని వేరియబుల్‌లో వేసుకుంటే చాలు, దాన్ని పరీక్షించామా లేదా అన్నది ఈ హెచ్చరికకు పట్టదు. వైఫల్యానికి కారణం తెలిపే కోడ్ ఉండే ఎర్‌నో విషయంలోనూ సాయం అందదు: ఫైల్ చదివే రీడ్ ఫంక్షన్ విఫలమైన వెంటనే ఎర్‌నోను దాచుకోకుండా ముందు సందేశం ముద్రించే ప్రింట్‌ఎఫ్ పిలిస్తే, ఆ పిలుపే దాన్ని మార్చేసి అసలు కారణాన్ని చెరిపివేయవచ్చు. అన్నట్టు, హెచ్చరికను ‘వెర్రర్’ ఆప్షన్‌తో ఎర్రర్‌గా మార్చుకోకపోతే, పెద్ద బిల్డ్ సందేశాల వరదలో అది కొట్టుకుపోతుంది.