హ్యూబర్ట్ వాల్టర్ పేజీ బాగుచేస్తూ రెండు నెలలు వాడిన ఎడిటింగ్ సైట్ గురించి నా రివ్యూ

ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం ఒకటి, పేరెందుకులెండి, దాంట్లో హ్యూబర్ట్ వాల్టర్ పేజీ మరీ అధ్వానంగా ఉంటే నేనే బాగుచేద్దామని కూర్చున్నా. 5కి 4 ఇస్తా.

ఆయన మామూలోడు కాదు, 1193 నుంచి 1205లో పోయేదాకా కాంటర్‌బరీ ఆర్చిబిషప్ (ఇంగ్లండ్ చర్చికి పెద్ద), అందులో 1198 దాకా జస్టీషియర్, అంటే రాజు ఊళ్లో లేకపోతే ఇంగ్లండ్‌ని నడిపేది ఈయనే, రిచర్డ్ రాజు తర్వాత తమ్ముడు జాన్ రాజయ్యాక చాన్సలర్ (రాజు ముద్ర, రాతకోతలు చూసే మంత్రి) కూడా. పేజీలో మాత్రం నాలుగు పేరాలు. పైగా రిచర్డ్ రాజుని చెర విడిపించడానికి 1,50,000 పౌండ్లు అడిగారని రాసుంది. పౌండ్లు కాదండీ బాబూ, మార్కులు! మార్కంటే పౌండులో మూడింట రెండొంతులే, అంటే లక్ష పౌండ్లు. ఒక్క మాట మార్చి రిచర్డ్‌కి యాభై వేలు మిగిల్చా :)

సేవ్ కొట్టిన కాసేపటికే ఎవరో నా మార్పు తీసేశారు, మూలం ఏదీ అని. ఒళ్ళు మండింది గానీ అడిగింది న్యాయమే కదా, పుస్తకం పేరు, పేజీ నంబర్ పెట్టి మళ్ళీ మార్చా, నిలిచింది. ఈ సైట్‌లో నాకు బాగా నచ్చింది ఇదే, ఎంత తెలిసినోడైనా ఆధారం చూపించాల్సిందే. 1195లో హ్యూబర్ట్ కూడా ఇలాంటి పనే చేశాడు, భూమి ఒప్పందాలకి ఇరుపక్షాలకీ చెరో కాపీతో పాటు మూడోది ఖజానాలో దాచమన్నాడు. ఆ పేరా రాస్తూ అరగంట చరిత్ర ట్యాబ్‌లో నా పాత తప్పులు చూసుకుని నవ్వుకున్నా.

చర్చా పేజీ కూడా బాగుంది. హ్యూబర్ట్ పోయాడని తెలిసి జాన్ "ఇప్పుడు నేను నిజంగా రాజునయ్యా" అన్నాడని పేజీలో నిజంలాగే రాసేశారు. అది మాథ్యూ పారిస్ అనే ఆ కాలపు చరిత్రకారుడు చెప్పిన కథ, ఆయన పుట్టిందే 1200 ప్రాంతంలో, విని రాసింది తప్ప చూసింది కాదు. తీసేద్దామన్నా, ఇంకొకాయన వద్దన్నాడు, చివరికి "పారిస్ కథనం ప్రకారం" అని చేర్చి ఉంచాం. బూతులు లేకుండా ముగిసిన గొడవ, ఇంటర్నెట్‌లో!

స్టార్ కోసింది రిఫరెన్స్ బటన్‌కి. ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీదుండే గుర్తింపు నంబర్) కొడితే మొత్తం అదే నింపుతుంది, బానే ఉంది, కానీ ఈయన మీద ముఖ్యమైన జీవితచరిత్రలు రెండూ 1967, 1968లవి, ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణం అయ్యిందే 1970లో. కాబట్టి అంతా చేత్తోనే టైప్ చేయాలి, ప్రచురణకర్త దగ్గర్నుంచి ఊరి పేరు దాకా. మధ్యయుగాల మనుషుల పేజీలు పట్టుకునేవాళ్ళు దీనికి సిద్ధపడండి, ఫోన్‌లో అయితే అసలు మొదలుపెట్టకండి, నావి రెండు ఫుట్‌నోట్లు సగంలో ఎగిరిపోయాయి.