గది నిండా బొమ్మలా, నాలుగు లక్కబొమ్మలా, వీధిలో ఆటా: పిల్లలకి ఏది మేలు?

మన వైజాగ్‌లో ఎంవీపీ కాలనీలోనో మధురవాడ అపార్ట్‌మెంట్లలోనో ఒక పుట్టినరోజు పార్టీ అయితే ఒక్క సాయంత్రంలో ఆ ఇంటికి ఇరవై బొమ్మలు వచ్చి పడతాయి. అక్కడికి ఎంతో దూరంలో లేని పెదజాలారిపేటలో అదే వయసు పిల్లలు పాత టైరుని కర్రతో కొట్టుకుంటూ పరిగెడుతుంటారు. ఇది చూసి "పాపం, వాళ్ళకి ఏమీ లేవు" అనేవాళ్ళు కొందరు, "అసలైన బాల్యం అంటే వాళ్ళదే" అని వాట్సాప్ స్టేటస్ పెట్టేవాళ్ళు ఇంకొందరు. నాకు రెండూ సగం సగం నిజాల్లాగే కనిపిస్తాయి. అందుకే పక్కపక్కన పెట్టి చూద్దామనిపించింది.

ముందు గది నిండా బొమ్మల సంగతి. అమెరికాలో టొలెడో యూనివర్సిటీ వాళ్ళు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళ లోపు పిల్లలు 36 మందిని ఒకసారి 4 బొమ్మలతో, ఇంకోసారి 16 బొమ్మలతో ఆడనిచ్చి చూశారు, 2018లో ఆ వివరాలు బయటికొచ్చాయి. నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు ఆడారు, దాన్ని రకరకాలుగా వాడారు. పదహారు ఉంటే ఇది పట్టుకుని అది వదిలేయడమే సరిపోయింది. చిన్న పరిశోధనే, ఎనిమిదేళ్ళ పిల్లలకి కూడా ఇదే లెక్క అని దాన్నిబట్టి చెప్పలేం, కానీ మన ఇళ్ళలో సోఫా కింద దుమ్ము కొట్టుకుపోయిన కార్లు కూడా ఇదే మాట చెబుతాయి. ఇక బ్యాటరీ వేస్తే పాటలు పాడే బొమ్మలు. 2016లో వచ్చిన ఇంకో పరిశోధనలో 10 నుంచి 16 నెలల పిల్లలున్న 26 కుటుంబాలకి మూడు రకాలు ఇచ్చారు: మోగే బొమ్మలు, మామూలు బొమ్మలు, బొమ్మల పుస్తకాలు. మోగే బొమ్మ చేతిలో ఉన్నప్పుడు తల్లిదండ్రులు అన్నిటికంటే తక్కువ మాట్లాడారు. ఉన్న మాటలన్నీ బొమ్మే మాట్లాడేస్తుంటే అమ్మకి పనేముంది?

డబ్బు విషయం కూడా చూడండి. విదేశీ బొమ్మల మీద సుంకం 2020 దాకా 20 శాతం ఉండేది, ఆ ఏడాది 60 చేశారు, 2023లో 70కి పెంచారు. అంటే ఓడ మన పోర్టులోనే దిగినా, మీరిచ్చే డబ్బులో మంచి ముక్క బొమ్మకి కాదు, పన్నుకి పోతోంది.

రెండోది లక్కబొమ్మలు. ఎలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక, వైజాగ్ నుంచి అరవై కిలోమీటర్ల పైచిలుకు (2022లో జిల్లాలు విడగొట్టాక అది అనకాపల్లి జిల్లా అయింది గానీ, మనం ఇంకా మనదే అనుకుంటాం). అంకుడు కర్రని తిప్పే యంత్రానికి (లేత్) బిగించి, గిర్రున తిరుగుతున్న కర్రకి రంగు లక్కని నొక్కి పెడితే రాపిడి వేడికే అది కరిగి అంటుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. పసుపు, నీలిమందు లాంటి వాటితో చేసిన రంగులు. ఈ బొమ్మలు ఆ ఊరివేనని చెప్పే జీఐ గుర్తింపు 2017లో వచ్చింది, ఈ రంగుల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. నాలుగేళ్ళ పిల్లకి ఒక లక్కపిడతల సెట్ ఇచ్చి చూడండి, ఉప్మా అవుతుంది, అమ్మమ్మకి కాఫీ వస్తుంది, కాసేపట్లో అదే హోటల్ అయిపోతుంది, బిల్లు కూడా మనకే. రిమోట్ కారు ముందుకీ వెనక్కీ తప్ప ఇంకెటు పోతుంది?

కానీ వీటి లోపాలు కూడా చెప్పాలి. 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసినప్పుడు, రిజిస్టరైన చేతివృత్తుల వాళ్ళకీ జీఐ బొమ్మలకీ మినహాయింపు ఇచ్చారు. కాబట్టి వీటి మీద మార్కు వెతికి లాభం లేదు, ఏ రంగు వేశారో అమ్మేవాళ్ళనే అడగాలి, అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకి చిన్న ముక్కలున్నవి ఇవ్వకూడదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి పిల్లలు వీటిని పట్టించుకోరు కూడా. నాకు అన్నిటికంటే చిరాకు వేసేది ఏంటంటే, బాగా ఉన్నవాళ్ళ ఇళ్ళలో ఈ బొమ్మలు షోకేసు అద్దం వెనక కూర్చుంటాయి, "ముట్టుకోకు, పడిపోతుంది" అని పిల్లకి వార్నింగ్, కింద మాత్రం ప్లాస్టిక్ కుప్ప.

మూడోది వీధి. టైరు, గోళీలు, ఏడుపెంకులాట, తాటికాయలు చక్రాలుగా పెట్టిన బండి. పైసా ఖర్చు లేదు, అయినా ఇక్కడ నేర్చుకునేది ఇంట్లో బొమ్మతో రాదు. గల్లీ క్రికెట్‌లో రూలు మీకు తెలిసిందే, బ్యాట్ ఎవడిదైతే వాడిదే ఫస్ట్ బ్యాటింగ్, వాడు ఔటయినా ఒప్పుకోడు, ఎక్కువ అంటే బ్యాట్ పట్టుకుని ఇంటికి పోతాడు. డబ్బున్నవాడి పెత్తనం, లేనివాడి లౌక్యం రెండూ అక్కడే మొదలవుతాయి. కానీ నాలుగు రోజులు ఒంటరిగా బ్యాట్ పట్టుకుని కూర్చున్నాక ఆ పిల్లాడికీ అర్థమవుతుంది, బంతి వేసేవాడు లేకపోతే బ్యాట్ ఎందుకూ పనికిరాదని. ఇప్పుడు అపార్ట్‌మెంట్‌లో ప్రతి పిల్లాడికీ సొంత బ్యాట్ ఉంది, పదకొండు మంది మాత్రం లేరు. స్టీల్ ప్లాంట్ వాళ్ళ ఉక్కునగరం లాంటి కాలనీల్లో గ్రౌండ్లలో ఆడుకుంటూ పెరిగినవాళ్ళని అడగండి, ఇంట్లో ఏ బొమ్మలుండేవో చాలామందికి గుర్తుండదు.

అలాగని వీధిని దేవుణ్ణి చేసి పూజించే పని లేదు. చెత్తలో ఏరుకున్న దాంతో ఆడేవాడికి సెప్టిక్ అయితే ఆ ఖర్చు భరించలేనిది కూడా ఆ ఇల్లే. పైగా పేద ఇళ్ళలో తొమ్మిదేళ్ళ అక్క చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని గోడ పక్కన నిలబడి ఆట చూస్తూ ఉంటుంది, స్టేటస్ పెట్టేవాళ్ళ ఫొటోలో ఆ పిల్ల ఉండదు.

ఫోన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) 2019లోనే చెప్పింది. ధనిక, పేద తేడా లేకుండా అన్ని ఇళ్ళలోకీ దూరిన బొమ్మ ఇదొక్కటే.

నా మట్టుకు అసలు తేడా బొమ్మల్లో లేదు, పిల్లల పక్కన కూర్చునే మనిషిలో ఉంది. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పేద పిల్లల్ని తీసుకుని, వాళ్ళలో కొందరి ఇళ్ళకి ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళ పాటు వారానికి ఒక గంట వెళ్ళారు. బిడ్డతో ఎలా ఆడాలో తల్లికి చూపించారు, అది కూడా ఇంట్లో పారేసే వస్తువులతో చేసిన బొమ్మలతో. ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే, ఆ ఆటలు అందని పిల్లల కంటే వీళ్ళ సంపాదన 25 శాతం ఎక్కువ ఉంది. బొమ్మ ఖరీదు సున్నా, ఖర్చు పెట్టిందల్లా టైమే. ఆ టైమే డబ్బుతో ముడిపడి ఉంది మరి. తెల్లారకుండానే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చేపలు కొని వీధి వీధి తిరిగి అమ్మే తల్లికి ఆ గంట ఎక్కణ్ణించి వస్తుంది? రుషికొండలో ఆఫీసు అయ్యి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే నాన్నకీ రాదు, కానీ ఆయన ఆయాని పెట్టుకోగలడు, ఆ గిల్టుతో ఇంకో రిమోట్ కారు కూడా కొనగలడు.

అందుకని నన్నడిగితే, ఐదేళ్ళ లోపు అయితే నాలుగైదు లక్కబొమ్మలు, కొన్ని బిల్డింగ్ బ్లాకులు, రోజూ ఒక అరగంట ఫోన్ పక్కన పడేసి నేల మీద కూర్చోవడం. బొమ్మలు ఇప్పటికే కుప్పగా ఉంటే సగం అటక మీద పెట్టి నెలకోసారి మార్చండి, కొత్తవి కొన్నట్టే ఉంటుంది. ఇరుకు ఇల్లు, చేతిలో డబ్బు లేదు అంటే బొమ్మ గురించి టెన్షన్ పడొద్దు, అంగన్‌వాడీకి రోజూ పంపండి, గిన్నెలూ డబ్బా మూతలూ ఇచ్చేయండి. ఎనిమిదేళ్ళు దాటితే మాత్రం బొమ్మల షాపు మానేసి ఒక మంచి బ్యాట్, అరడజను టెన్నిస్ బంతులు కొని కిందకి పంపండి, ఎలాగూ నాలుగు పక్కింటి డాబా మీదకే పోతాయి.