హెచ్‌ఏప్రాక్సీ, కీప్‌అలైవ్‌డ్ జంటతో ఎనిమిదేళ్లు

మా కంపెనీ అంతర్గత అప్లికేషన్లన్నిటి ముందూ ఎనిమిదేళ్లుగా రెండు లైనక్స్ మెషీన్లు ఉన్నాయి. రెండిటిలోనూ వచ్చే రిక్వెస్టులను సర్వర్లకు పంచే హెచ్‌ఏప్రాక్సీ లోడ్ బ్యాలెన్సర్, దానికి తోడు ఒక మెషీన్ పడిపోతే ఐపీని రెండోదానికి మార్చే కీప్‌అలైవ్‌డ్. వాటి వెనక నాలుగు అప్లికేషన్ సర్వర్లు, ఆ వెనక డేటాబేస్. యూజర్లకు తెలిసింది ఒక్క ఐపీ అడ్రస్సే. ఆ అడ్రస్ ఏ మెషీన్ దగ్గర ఉంటే అది (మాస్టర్) పని చేస్తుంది, రెండోది (బ్యాకప్) కాచుకుని ఉంటుంది. ఇన్‌స్టాల్ ఎలా చేయాలో చెప్పే వ్యాసాలు బోలెడు ఉన్నాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మెషీన్ పూర్తిగా చచ్చిపోతే ఈ జంట చాలా బాగా ఆదుకుంటుంది. కష్టమంతా సగం ప్రాణంతో కొట్టుకుంటున్న మెషీన్‌తోనే. మమ్మల్ని రాత్రిళ్లు నిద్ర లేపిన సంఘటనల్లో ఎక్కువ భాగం అలాంటివే. పింగ్ చేస్తే పలుకుతుంది, పని మాత్రం చేయదు.

పూర్తిగా చచ్చిపోయిన సందర్భం రెండో ఏడాదిలో వచ్చింది. ఒక రాత్రి మాస్టర్ మెషీన్ పవర్ సప్లై కాలిపోయింది. పొద్దున లాగ్ చూసేదాకా ఎవరికీ తెలియలేదు. కీప్‌అలైవ్‌డ్ వాడేది వీఆర్‌ఆర్‌పీ ప్రోటోకాల్. మాస్టర్ తాను ఉన్నానని సెకనుకోసారి 224.0.0.18 మల్టీకాస్ట్ (ఒకేసారి చాలా మెషీన్లకు చేరే) అడ్రస్‌కు ప్రకటిస్తూ ఉంటుంది. మూడు సెకన్లు ఆ ప్రకటన వినపడకపోతే, బ్యాకప్ ఇంకాస్త ఆగి ఐపీని తాను తీసుకుంటుంది. ఆ 'ఇంకాస్త' ప్రయారిటీని, అంటే ఎవరు మాస్టర్ కావాలో తేల్చడానికి ప్రతి మెషీన్‌కూ ఇచ్చే అంకెను, బట్టి ఉంటుంది. 256 లోంచి ప్రయారిటీ తీసేసి, వచ్చినదాన్ని 256తో భాగించాలి. మా బ్యాకప్ ప్రయారిటీ 100, కాబట్టి 0.61 సెకన్లు. మొత్తం 3.61. ఆ వెంటనే కొత్త మాస్టర్ గ్రాట్యుటస్ ఏఆర్‌పీ పంపి, ఈ ఐపీ ఇక తన దగ్గరే ఉందని స్విచ్‌లకూ పక్క మెషీన్లకూ తెలియజేస్తుంది. నాలుగు సెకన్లు పేజీ రాకపోతే ఎవరూ ఫిర్యాదు చేయరు. కానీ ఆ రోజు నాకు సంతోషం కన్నా టెన్షనే ఎక్కువైంది. రాత్రంతా ఒక్క మెషీన్ మీద నడిచాం, ఆ సంగతి మాకే తెలియదు. మాస్టర్ మారినప్పుడల్లా మెసేజ్ వచ్చే ఏర్పాటు ఆ మర్నాడే చేశాం.

ఇక సగం ప్రాణం సంగతి. ఒకసారి మెమరీ నిండిపోయి మాస్టర్‌లో హెచ్‌ఏప్రాక్సీ ప్రాసెస్ ఆగిపోయింది. మెషీన్ మాత్రం బాగానే ఉంది. కీప్‌అలైవ్‌డ్ మానకుండా ప్రకటనలు పంపుతూనే ఉంది, ఐపీ అక్కడే ఉండిపోయింది. బ్యాకప్ కదల్లేదు, ఎందుకంటే దాని లెక్క ప్రకారం అంతా సవ్యంగానే ఉంది. ఇలాంటి వాటి కోసమే ట్రాక్ స్క్రిప్ట్ ఉంది. హెచ్‌ఏప్రాక్సీ బతికి ఉందా అని చూసి, లేకపోతే ప్రయారిటీ తగ్గిస్తుంది. మేమది పెట్టాం కూడా. తప్పు అంకెలో జరిగింది. మాస్టర్ ప్రయారిటీ 150, బ్యాకప్‌ది 100, స్క్రిప్ట్ వెయిట్ మైనస్ 20. స్క్రిప్ట్ విఫలమైతే 150 కాస్తా 130 అవుతుంది. అది ఇంకా 100 కన్నా ఎక్కువే. స్క్రిప్ట్ తన పని తాను చేసింది, ఫెయిలోవర్ (ఐపీ రెండోదానికి మారడం) మాత్రం జరగలేదు. ఇప్పుడు వెయిట్ మైనస్ 60. ఈ తీసివేత చేయని కాన్ఫిగరేషన్లు ఇంకా ఎన్నో చోట్ల నడుస్తూ ఉంటాయని నా నమ్మకం. ఇది చదువుతున్నవాళ్లు ఒకసారి తమది తెరిచి చూసుకోండి.

అన్నిటికన్నా ఎక్కువ కాలం మేం కుస్తీ పట్టింది హెల్త్ చెక్‌తో, అంటే సర్వర్ బాగుందో లేదో చూసే పరీక్షతో. హెచ్‌ఏప్రాక్సీలో సర్వర్ లైను చివర చెక్ అని మాత్రమే రాస్తే, అది పోర్టు తెరిచి ఉందా అని చూస్తుంది. రెండు సెకన్లకోసారి చూస్తుంది. వరసగా మూడుసార్లు విఫలమైతే సర్వర్‌ను పక్కన పెడుతుంది, రెండుసార్లు సఫలమైతే మళ్లీ లోపలికి తీసుకుంటుంది. మొదటి ఏడాదంతా ఇలాగే నడిపాం. ఒక మధ్యాహ్నం ఒక సర్వర్‌లో డేటాబేస్ కనెక్షన్ పూల్ (సర్వర్ తెరిచి ఉంచుకునే పరిమిత సంఖ్య కనెక్షన్లు) నిండిపోయి, వచ్చిన ప్రతి రిక్వెస్టూ వేలాడుతూ ఉండిపోయింది. పోర్టు తెరిచే ఉంది కాబట్టి హెచ్‌ఏప్రాక్సీ దృష్టిలో సర్వర్ ఆరోగ్యంగా ఉంది. వచ్చిన యూజర్లలో నాలుగో వంతు మంది అందులో ఇరుక్కున్నారు. మిగతా మూడొంతుల మందికి ఏ ఇబ్బందీ లేదు. అందుకే ఫిర్యాదు అర్థం కావడానికే గంట పట్టింది. మేం ఓపెన్ చేస్తే పేజీ వస్తోంది, వాళ్లకు రావడం లేదు.

ఆ దెబ్బతో హెచ్‌టీటీపీ చెక్‌కు మారాం. అప్లికేషన్‌లో ఒక పేజీ రాసి, అది డేటాబేస్‌లో ఒక క్వెరీ నడిపి, అంతా బాగుంటేనే 200 ఇచ్చేలా చేశాం. చాలా జాగ్రత్తగా చేశామనుకున్నాం. కొన్ని నెలలకు ఒక పెద్ద రిపోర్టు వల్ల డేటాబేస్ కాసేపు నెమ్మదించింది. నాలుగు సర్వర్లలోనూ చెక్ ఒకేసారి విఫలమైంది. నాలుగింటినీ హెచ్‌ఏప్రాక్సీ ఒకేసారి పక్కన పెట్టింది. నెమ్మదిగానైనా పని జరగాల్సిన చోట అందరికీ 503 (సర్వీస్ అందుబాటులో లేదు) ఎర్రర్ కనిపించింది. ముందు చెక్ మరీ పైపైన ఉండి దెబ్బతీసింది, ఈసారి మరీ లోతుకు వెళ్లి దెబ్బతీసింది.

ఇప్పుడు మేం పాటించేది ఒక్కటే. ఆ సర్వర్‌కు మాత్రమే సంబంధించినవి చూడాలి, నలుగురూ పంచుకునేవి చూడకూడదు. థ్రెడ్లు ఖాళీగా ఉన్నాయా, తన పూల్‌లో కనెక్షన్ దొరుకుతోందా, డిస్క్‌లో చోటు ఉందా అన్నవి చెక్‌లో ఉంటాయి. డేటాబేస్ ఎలా ఉందన్నది మానిటరింగ్ చూసుకుంటుంది, అలారం మోగిస్తుంది. దాని వల్ల సర్వర్లను తీసేయడం మాత్రం ఉండదు. డేటాబేస్ పాడైతే సర్వర్‌ను తీసేసి సాధించేదేమీ లేదు కదా. పూల్ కూడా డేటాబేస్ మందగిస్తే నిండుతుంది, నిజమే. అందుకే దానికి ఒక్కదానికి గడువు పొడిగించి పెట్టుకున్నాం.

రెండు మెషీన్లూ మేమే మాస్టర్ అనుకున్న రోజు కూడా చూశాను. ఫైర్‌వాల్ నిబంధనలు శుభ్రం చేస్తూ, ఎవరూ వాడటం లేదనుకుని ఐపీ ప్రోటోకాల్ 112ను ఆపేశారు. వీఆర్‌ఆర్‌పీ నడిచేది దాని మీదే. అది టీసీపీ కాదు, యూడీపీ కాదు. పోర్టుల జాబితాలో కనబడదు. బ్యాకప్‌కు ప్రకటనలు అందక అది కూడా ఐపీ తీసేసుకుంది. కొందరి ట్రాఫిక్ ఒకవైపు, కొందరిది మరోవైపు. ఏ ఐపీ ఏ మెషీన్ దగ్గర ఉందో రాసుకునే ఏఆర్‌పీ పట్టికలు మారినప్పుడల్లా కనెక్షన్లు తెగుతున్నాయి. ఇప్పుడు ఐపీ ఏకకాలంలో రెండు చోట్లా కనిపిస్తే వెంటనే అలారం వస్తుంది. మల్టీకాస్ట్ కుదరని నెట్‌వర్క్‌లలో అవతలి మెషీన్ అడ్రస్‌ను నేరుగా యూనికాస్ట్ పీర్‌గా రాసుకునే వీలు కీప్‌అలైవ్‌డ్‌లో ఉంది. మేం చివరికి దానికే మారాం.

ఐపీ మారినప్పుడు అప్పటికే నడుస్తున్న టీసీపీ కనెక్షన్లన్నీ తెగిపోతాయి. ఈ సంగతి మేనేజర్లకు ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది. హెచ్‌ఏప్రాక్సీలో పీర్స్ సెక్షన్ రాసుకుంటే స్టిక్ టేబుల్ (ఏ యూజర్ ఏ సర్వర్‌కు వెళ్లాడో రాసుకునే పట్టిక) రెండో మెషీన్‌కు చేరుతుంది, కాబట్టి యూజర్ తిరిగి వచ్చినప్పుడు తన సర్వర్‌కే వెళ్తాడు. కానీ సగంలో ఉన్న ఫైల్ అప్‌లోడ్ మాత్రం మళ్లీ మొదలుపెట్టాల్సిందే. అందుకే అనవసరంగా ఐపీని తిప్పకూడదు. బాగై తిరిగొచ్చిన మాస్టర్ ఐపీని లాక్కోకుండా రెండిటినీ బ్యాకప్ స్థితిలో మొదలుపెట్టి, ఎక్కువ ప్రయారిటీ ఉన్న మెషీన్‌లో మాత్రమే నోప్రీఎంప్ట్ పెట్టుకున్నాం. లేకపోతే యూజర్లకు రెండుసార్లు దెబ్బ.

రీలోడ్ విషయంలో మాత్రం పూర్తి మార్కులు వేస్తాను. మేం హెచ్‌ఏప్రాక్సీ 1.7తో మొదలుపెట్టాం. అప్పట్లో కాన్ఫిగరేషన్ మార్చి రీలోడ్ చేస్తే రద్దీ వేళల్లో కొన్ని కనెక్షన్లు జారిపోయేవి. 2017లో వచ్చిన 1.8లో పాత ప్రాసెస్ నుంచి కొత్త ప్రాసెస్‌కు సాకెట్లు అందించే పద్ధతి వచ్చాక ఆ బాధ పోయింది. ఇప్పుడు పట్టపగలే మారుస్తాం. 2.0లో వచ్చిన రిట్రై సదుపాయం విషయంలో జాగ్రత్త. అంతకుముందు కనెక్షన్ కుదరకపోతేనే మళ్లీ ప్రయత్నించేది. ఇప్పుడు జవాబు రాకపోయినా మళ్లీ పంపమనవచ్చు. డేటా పంపే పోస్ట్ రిక్వెస్టులకు దాన్ని పెడితే ఒకే ఆర్డర్ రెండుసార్లు నమోదయ్యే ప్రమాదం ఉంది. మేం పేజీ అడిగే గెట్‌లకే పరిమితం చేశాం.

సామర్థ్యం లెక్క చిన్నదే, అయినా మరిచిపోతుంటాం. నాలుగు సర్వర్లు 80 శాతం లోడ్‌తో నడుస్తుంటే, ఒకటి పడిపోగానే మిగిలిన మూడింటి మీద దాదాపు 107 శాతం పడుతుంది. అవి కూడా ఒకదాని వెంట ఒకటి పడతాయి. మామూలు రోజుల్లో 60 దాటకుండా చూసుకుంటున్నాం. అప్పుడు ఒకటి పోయినా మిగతావి 80 దగ్గర ఆగుతాయి.

మూడు నెలలకోసారి పని వేళల్లోనే, అందరికీ చెప్పి, మాస్టర్‌ను కావాలని ఆపేస్తాం. మొదటిసారి చేసినప్పుడు బ్యాకప్‌లో సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఉంది. కొత్తదాన్ని మాస్టర్‌లో మాత్రమే మార్చారు. రెండోసారి, వర్చువల్ మెషీన్లను ఎక్కడికో తరలించినప్పుడు రెండూ ఒకే ఫిజికల్ సర్వర్ మీదికి చేరాయని బయటపడింది. నిజంగా కరెంటు పోయిన రాత్రి ఇవి తెలిసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా ఇష్టం లేదు. ఇప్పుడు రెండు మెషీన్ల కాన్ఫిగరేషన్, సర్టిఫికెట్లు ఒకే చోట నుంచి వెళ్తాయి. చేత్తో మార్చడం నిషేధం.

ఈ జంట చేయలేని పని ఒకటుంది. ఒకే ఐపీని రెండు మెషీన్లూ మార్చుకోవాలంటే అవి ఒకే సబ్‌నెట్‌లో, అంటే ఒకే స్థానిక నెట్‌వర్క్‌లో, ఉండాలి. కాబట్టి డేటా సెంటర్ మొత్తం పోతే ఇది ఆదుకోలేదు. రెండో చోటికి వెళ్లడానికి మేం పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్ మీద ఆధారపడుతున్నాం. టీటీఎల్ (ఆ అడ్రస్‌ను గుర్తుంచుకునే గడువు) 60 సెకన్లు పెట్టాం. కానీ మా పాత క్లయింట్లలో కొన్ని, రీస్టార్ట్ చేసేదాకా పాత అడ్రస్‌నే పట్టుకుని వేలాడుతున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా సరిచేయడమే ఈ ఏడాది మా టీమ్ పని. జాబితాలో ఇంకా పదకొండు మిగిలి ఉన్నాయి.