గ్రాంప్స్: ఒకే మనిషికి రెండు మూడు పుట్టినరోజులున్న ఇళ్లకి

వంశవృక్షం గీసే యాప్‌లలో చాలావాటిలో మనిషికి ఒక్క పుట్టిన తేదీ గడే కనిపిస్తుంది. స్కూలు టీసీలో ఒకటి, జాతకంలో ఇంకొకటి, ఆధార్‌లో జనవరి 1 ఉండే మన ఇళ్లకి ఆ ఒక్క గడితో పని జరగదు. ఏదో ఒకటి రాసి మిగతావి వదిలేస్తాం. పదేళ్లు పోయాక పిల్లలు 'ఈ తేదీ ఎక్కడిది?' అని అడిగితే చెప్పేవాళ్లుండరు. వంశవృక్షం సాఫ్ట్‌వేర్ గ్రాంప్స్‌లో ఆ చిక్కు లేదు. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్, మాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, డేటా మీ కంప్యూటర్లోనే ఉంటుంది. 2025లో 6.0 వెర్షన్ వచ్చింది. విశాఖ చుట్టుపక్కల కుటుంబాల కాగితాలు దీంట్లోకి ఎక్కిస్తే ఎక్కడ కలిసొస్తుంది, ఎక్కడ మొరాయిస్తుంది అన్నదే ఈ సమీక్ష.

ముందు సోర్స్‌కీ సైటేషన్‌కీ తేడా తెలియాలి. చాలామంది విసిగి మానేసేది ఇక్కడే. సోర్స్ అంటే కాగితం: ఫలానా సబ్ రిజిస్ట్రారు ఆఫీసు, ఫలానా సంవత్సరం, ఫలానా నంబరు దస్తావేజు. సైటేషన్ అంటే అందులోంచి మనం తీసుకున్న ముక్క. నమ్మకం ఎంత అన్నది చెప్పడానికి వెరీ లో నుంచి వెరీ హై దాకా ఐదు మెట్లున్నాయి. ఆ మెట్టు తగిలేది సైటేషన్‌కి, సోర్స్‌కి కాదు. ఇది చాలా తెలివైన ఏర్పాటు. ఎందుకంటే ఒకే దస్తావేజులో కొన్నవాడి పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు గట్టి విషయాలు. 'వయస్సు సుమారు 45' అన్నది మాత్రం లేఖరి మొహం చూసి వేసిన అంకె. 40, 45, 50 అంటూ ఐదేసి మెట్లలో ఉన్న వయసులన్నీ ఈ బాపతే. కాబట్టి ఒకే దస్తావేజుకి రెండు సైటేషన్లు రాయండి, పేరుకి వెరీ హై, వయసుకి లో. ఒకే సైటేషన్‌ని క్లిప్‌బోర్డులోంచి లాగి అన్ని చోట్లా తగిలిస్తే, ఒకచోట మెట్టు మార్చగానే అన్నిచోట్లా మారిపోతుంది.

ఇప్పుడొక నమూనా. మనిషి పేరు సింహాచలం, ఊరు ఎస్.కోట (శృంగవరపుకోట) దగ్గర అనుకుందాం. టీసీలో 1-7-1940. సర్వీసు రిజిస్టరులోనూ అదే. జాతక చక్రంలో చిత్రభాను నామ సంవత్సరం, మాఘ శుద్ధ పంచమి, మంగళవారం. 1960 మార్చిలో కొన్న పొలం దస్తావేజులో 'మైనరు సింహాచలం, వయస్సు 17, గార్డియను తల్లి'. ఇంట్లో పెద్దావిడ మాట: 'విశాపట్నంలో బాంబులు పడ్డ ఏడాది పుట్టేడు.'

పైపైన చూస్తే టీసీ, సర్వీసు రిజిస్టరు కలిసి రెండు ఓట్లు. నిజానికి అది ఒక్క ఓటే. సర్వీసు రిజిస్టరులో తేదీ టీసీ చూసి ఎత్తి రాసిందే. దాన్ని చూసి పింఛను కాగితం, పింఛను కాగితం చూసి ఇంకోటి. ఇలా పది కాగితాలు పోగైనా మూలం హెడ్‌మాస్టరు కలమే. జూలై 1 కనిపించిందంటే మరీ అనుమానించాలి. బళ్లో చేర్చే వయసు నిండాలని వయసు పెంచి రాసినవీ ఉంటాయి, ఉద్యోగం నాలుగేళ్లు ఎక్కువ వస్తుందని తగ్గించి రాసినవీ ఉంటాయి. ఏ కాగితం దేన్ని చూసి రాశారో గ్రాంప్స్ తనంతట తాను పసిగట్టలేదు. సైటేషన్‌లో నోట్ పెట్టి 'టీసీ నుంచి ఎత్తి రాసినది' అని మీరే రాసుకోవాలి.

జాతకం దగ్గర ఎక్కువమంది చేసే తప్పు చిత్రభాను అంటే 1942 అని వేసెయ్యడం. 1942లో ఉగాది మార్చి 17న వచ్చింది, చిత్రభాను 1943 ఏప్రిల్ మొదటి రోజుల దాకా సాగింది. అంటే మాఘమాసం పడేది 1943లో. మాఘ శుద్ధ పంచమి ఆ ఏడు ఫిబ్రవరి 9, సరిగ్గా మంగళవారం. తిథీ వారమూ కుదిరాయి కాబట్టి జాతకం నిలబడింది. కుదరకపోతే ముందు పుట్టిన వేళ చూడాలి. మనకి వారం మారేది సూర్యోదయానికి. అర్ధరాత్రి దాటాక పుట్టిన బిడ్డకి జాతకంలో ముందురోజు వారమే ఉంటుంది, ఇంగ్లీషు తేదీ మాత్రం మర్నాటిది. ఆ తర్వాత చూడాల్సింది, అది పుట్టినప్పుడు రాసిందా, పెళ్లి సంబంధాల కోసం తిరగరాసిందా అని. తిరగరాసేటప్పుడు శుద్ధం బహుళమైపోవడం మామూలే.

పెద్దావిడ మాటకొస్తే, జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసింది 1942 ఏప్రిల్ 6న. ఇంగ్లీషు లెక్కలో అది 1942, పుట్టుక 1943, కాబట్టి ఆవిడ పొరపడిందని తేల్చేస్తారు. ఆవిడకి ఏడాదంటే ఉగాది నుంచి ఉగాది. బాంబులు పడ్డది ఉగాది వెళ్లిన ఇరవయ్యో రోజున, పిల్లాడు పుట్టింది అదే చిత్రభానులో మాఘంలో. రెండూ ఒకే ఏడాది. ఇలా తప్పని కొట్టేసిన సాక్ష్యాల్లో చాలావరకు క్యాలెండరు మార్చి చూస్తే ఒప్పవుతాయి.

మిగిలింది దస్తావేజు. 1960 మార్చికి పదిహేడేళ్లంటే 1942 మార్చికీ 1943 మార్చికీ మధ్య పుట్టాలి, జాతకంతో సరిపోయింది. టీసీ నిజమైతే అప్పటికి పంతొమ్మిదేళ్లు, గార్డియనే అక్కర్లేదు. ఇక్కడ 17 అన్న అంకె కంటే 'మైనరు' అన్న మాటకే బరువెక్కువ. అంకె అంచనాకి వెయ్యొచ్చు. తల్లి గార్డియనుగా సంతకం పెట్టిందంటే ఆ రోజుకి కొడుక్కి 18 నిండలేదని సాక్షుల ఎదుట ఒప్పుకున్నట్టే.

దీన్ని గ్రాంప్స్‌లో ఎక్కించడం ఇలా. మనిషి పేజీ తెరిచి ఈవెంట్స్ ట్యాబ్‌లో బర్త్ అని రెండుసార్లు పెట్టండి. 9-2-1943 పైన, 1-7-1940 కింద. జాబితాలో పైనున్న బర్త్‌నే సాఫ్ట్‌వేర్ అసలుగా తీసుకుని చార్టుల్లో చూపిస్తుంది, కనుక టీసీ తేదీ ముందు ఎక్కించి ఉంటే బాణం గుర్తుతో కిందికి దింపండి. కిందిదాని డిస్క్రిప్షన్‌లో 'స్కూలు తేదీ, ఉద్యోగం కాగితాలన్నీ దీని మీదే' అని రాయండి. దస్తావేజుకి, బాంబుల మాటకి వేరే బర్త్‌లు వద్దు. పైదానికే సైటేషన్లుగా తగిలించండి. చివరగా పై ఈవెంట్‌కి ఒక నోట్: ఏది ఎందుకు ఒప్పుకున్నాం, ఏది ఎందుకు కాదన్నాం, నాలుగు వాక్యాలు చాలు. అది రాయకపోతే ఈ సాఫ్ట్‌వేరూ ఒకటే, గోడమీద బొగ్గుతో రాసిందీ ఒకటే.

ఇక మొరాయించే చోట్లు. తేదీ కిటికీలో జూలియన్, హీబ్రూ, ఇస్లామిక్, పర్షియన్, స్వీడిష్ క్యాలెండర్లున్నాయి. ఫ్రెంచి విప్లవం నాటి క్యాలెండరుక్కూడా చోటుంది, మన పంచాంగానికి లేదు. తిథి రాసుకోడానికి 'టెక్స్ట్ ఓన్లీ' ఎంచుకుంటే వయసు లెక్కించదు, తేదీల వరసలో పెట్టలేదు. ఇంగ్లీషు తేదీ మామూలుగా ఇచ్చి, అదే కిటికీలోని టెక్స్ట్ కామెంట్ గడిలో జాతకంలో ఉన్నది ఉన్నట్టు దించండి. సంవత్సరం పేరు మాత్రమే దొరికితే రేంజ్ పెట్టి ఉగాది నుంచి ఉగాది దాకా ఇవ్వండి. అరవయ్యేళ్లకి పేరు తిరిగొస్తుందని మర్చిపోవద్దు: 1882 కూడా చిత్రభానే, 2002 కూడా.

పేర్ల గోల ఇంకా పెద్దది. ఒకేలాంటి మనుషుల్ని పట్టిచ్చే 'ఫైండ్ పాజిబుల్ డూప్లికేట్ పీపుల్' అనే పనిముట్టు సౌండెక్స్ అనే కోడ్ మీద నడుస్తుంది, అంటే పలకడంలో దగ్గరగా ఉన్న పేర్లకి ఒకే కోడ్ ఇచ్చే పద్ధతి. అది ఇంగ్లీషు అక్షరాలకి పుట్టింది. తెలుగు లిపిలో రాసిన ప్రతి పేరుకీ ఒకే కోడ్, జడ్ 000, ఇస్తుంది. అంటే పైడితల్లీ అప్పలనాయుడూ దానికి ఒకటే. ఆ పనిముట్టులో సౌండెక్స్ పక్కనున్న టిక్ తీసేసి వాడండి. ఇంగ్లీషు లిపిలో పెట్టుకున్నా సింహాచలం, సిమ్మాచలం కలుస్తాయి గానీ వెంకన్న, ఎంకన్న కలవవు, మొదటి అక్షరం మారింది కాబట్టి. అసలు సింహాద్రి అప్పన్న పేరు ఇంటికి ముగ్గురికి పెట్టుకునే మన వైపు పేరు కలిసినంత మాత్రాన మనిషి కలిసినట్టు కాదు. తండ్రి పేరు, ఊరు, సర్వే నంబరు, ఈ మూడింటిలో కనీసం రెండు కలిస్తే గాని మెర్జ్ (ఇద్దర్నీ ఒకే మనిషిగా కలిపేసే బటన్) నొక్కకండి. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో ఒక తరం మాయమైపోయేది ఈ మెర్జ్‌తోనే. నొక్కాక అన్‌డూ ఉంది, కానీ ఫైలు మూసేస్తే ఆ చరిత్ర పోతుంది.

ఊళ్ల విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. ప్రతి ఊరికీ 'ఎన్‌క్లోజ్డ్ బై' కింద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ జిల్లా అన్నది పెట్టొచ్చు. పార్వతీపురం 1950 ఆగస్టు దాకా విశాఖపట్నం జిల్లా, తర్వాత శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం. అన్నదమ్ములు నలుగురి కాగితాల్లో నాలుగు జిల్లాలుంటే కుటుంబం వలస తిరిగిందనుకోనక్కర్లేదు. ఎస్.కోట కూడా 1979లోనే విశాఖ నుంచి విజయనగరానికి వెళ్లింది. ఊరికి మారుపేర్లూ పెట్టొచ్చు: వైజాగపటం, వాల్తేరు, బర్మా వెళ్లినవాళ్లకి 'రంగం' అంటే రంగూన్. ఇంకో సంగతి, పుట్టుక నమోదయ్యేది పుట్టిన చోట. ప్రసవం విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి)లో అయితే సర్టిఫికెట్లో విశాఖపట్నం ఉంటుంది, ఇంట్లో మాత్రం సొంతూరి పేరు చెబుతారు. రెండూ తప్పు కాదు. బర్త్‌కి విశాఖ, రెసిడెన్స్ అనే ఈవెంట్‌కి ఊరు.

తండ్రి పేరు రెండు రకాలుగా ఉంటే ముందు దత్తత అడగండి. గ్రాంప్స్‌లో ఒకరికి ఇద్దరేసి తల్లిదండ్రుల జంటల్ని తగిలించి, ఒకచోట బర్త్, ఒకచోట అడాప్టెడ్ అని పెట్టొచ్చు. ఇంటిపేరు మారినా పాతది ఆల్టర్నేట్ నేమ్‌గా నిలుస్తుంది. చుట్టరికం లెక్కగట్టే పనిముట్టుని మాత్రం పట్టించుకోకండి. దానికి మేనమామా అంకులే, చిన్నాన్నా అంకులే. మేనరికాలున్న ఇంట్లో ఆ తేడా లేని వరస దేనికి పనికొస్తుంది?

డేటా వేరే ప్రోగ్రాంకి పంపాలంటే జీఈడీకామ్ (వంశవృక్షం ప్రోగ్రాంలు ఒకదానికొకటి డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) ఫైలుగా తీయొచ్చు. అయితే అటువైపు ప్రోగ్రాం రెండో బర్త్‌ని, నమ్మకం మెట్లని చూపిస్తుందన్న భరోసా లేదు. బంధువులకి ఆ ఫైలు ఇవ్వండి, మీ దగ్గర మాత్రం ఫొటోలతో సహా గ్రాంప్స్ సొంత బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంకో ఊళ్లో ఉన్న వాళ్ల దగ్గర ఒకటి పెట్టుకోండి.