ప్రాగ్ ఓల్డ్ టౌన్ వెళ్తున్నారా? యూరోలు మార్చే ముందు ఇది చదవండి

రాత్రి 11 అయింది, ఇంకా కోపం తగ్గలేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

అమ్మ ఇండియా నుంచి వచ్చిందని మ్యూనిక్ నుంచి బస్సులో ప్రాగ్ తీసుకొచ్చా. ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో గంట గంటకీ బొమ్మలు కదిలే 1410 నాటి ఆ పెద్ద గడియారం కింద అమ్మని నిలబెట్టి, 12 కొట్టేలోపు వచ్చేస్తానని చెప్పి చార్లెస్ బ్రిడ్జ్ వైపు సందులోకి వెళ్ళా. అక్కడ డబ్బు మార్చే కౌంటర్ అద్దం మీద ‘కమిషన్ 0%’, కింద పెద్దగా 24.50. అంటే యూరోకి అన్ని కొరునాలు (చెక్ కరెన్సీ) ఇస్తారనుకున్నా. 200 యూరోలు లోపలికి తోశా. కాగితం మీద సంతకం పెట్టమన్నాడు, పెట్టా. లెక్కపెడితే 3,600 కొరునాలే. 4,900 రావాలి!

అడిగితే బోర్డు మూలకి వేలు చూపించాడు. 24.50 వాళ్ళు యూరోలు అమ్మే రేటట. కొనే రేటు 18 అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. చూసుకోకపోవడం నా తప్పే. సరే, ఇవి తీసుకుని నా డబ్బు నాకిచ్చెయ్ అన్నా. నా యూరోలు ఇంకా వాడి అరచేతి కిందే ఉన్నాయి. ‘సంతకం పెట్టావు, చట్టం ఒప్పుకోదు’ అన్నాడు. మళ్ళీ అడిగితే, నా ముఖం కూడా చూడకుండా కిటికీ తెర కిందికి లాగేశాడు.

పచ్చి అబద్ధం. 1,000 యూరోల లోపు మార్చుకుంటే 3 గంటల్లో వెనక్కి ఇచ్చేయొచ్చని 2019 నుంచి అక్కడ చట్టమే ఉంది, కారణం కూడా చెప్పక్కర్లేదు. సాయంత్రం హోటల్ రిసెప్షన్‌లో అమ్మాయి చెబితే తెలిసింది. అప్పటికే 6 గంటలు దాటాయి.

తిరిగొచ్చేసరికి ‘బొమ్మలన్నీ వెళ్ళిపోయాయి రా, అస్థిపంజరం గంట కూడా కొట్టింది’ అంది అమ్మ. నాలుగో చార్లెస్ రాజు 1357లో కట్టడం మొదలుపెట్టించిన వంతెన, 30 విగ్రహాలు, కింద వల్తావా నది. ఒక్కటీ మనసు పెట్టి చూడలేదు. 100 కొరునాల నోటు మీదా ఆ చార్లెస్ బొమ్మే, జేబులోంచి తీసినప్పుడల్లా కడుపు మండుతోంది.

కార్డు దాదాపు అంతటా తీసుకుంటారు, ట్రామ్‌లో కూడా. క్యాష్ కావాలంటే బ్యాంకు ఏటీఎం చూసుకోండి, యూరోల్లో లెక్క కట్టాలా అని అడిగితే వద్దని నొక్కండి. కౌంటరే దిక్కయితే చేతికి ఎన్ని కొరునాలు వస్తాయో రాయించుకున్నాకే నోట్లు ఇవ్వండి, రసీదు పారేయకండి. వీళ్ళ మీద అజమాయిషీ చెక్ నేషనల్ బ్యాంక్‌ది. నా రసీదు ఫోటో తీశా, ఫిర్యాదు ఇప్పుడే పంపుతున్నా.