ఆల్డెన్ ఇంటి ఆడపిల్లల జాడ కోసం: ప్లిమత్, డక్స్‌బరీ, బోస్టన్‌లలో తొమ్మిది రోజులు

"మాది జాన్ ఆల్డెన్ సంతతి అని మా నాయనమ్మ ఎప్పుడూ అనేది. కాగితం మాత్రం ఎవరూ చూపించలేదు" అంది మా వియ్యపురాలు. ఆమెకు డెబ్బై ఆరేళ్ళు. నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజుల మధ్యే ఉద్యోగమంతా గడిపినదాన్ని, కాగితం లేదు అన్న మాట వింటే ఊరుకోలేను. అమెరికాలో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, అక్టోబరులో, ఇద్దరం కలిసి మసాచుసెట్స్‌లో తొమ్మిది రోజులు తిరిగాం. నేను ఆమెను వదినగారూ అని పిలుస్తాను. ఆమెకూ ఆ పిలుపు అలవాటైపోయింది.

జాన్ ఆల్డెన్ పీపాలు బిగించే పనివాడు. 1620లో, ఇంగ్లండ్ నుంచి అమెరికాకు వలసవాళ్ళను తెచ్చిన మేఫ్లవర్ ఓడ సౌతాంప్టన్ రేవులో ఉన్నప్పుడు పనికి కుదిరాడు. ఆ ఓడలో వచ్చినవాళ్ళు 102 మంది. మొదటి చలికాలం గడిచేసరికి దాదాపు సగం మంది పోయారు. ఆ చలికాలంలోనే ప్రిసిల్లా మలిన్స్ అనే అమ్మాయి తల్లినీ, తండ్రినీ, తోడబుట్టినవాడినీ పోగొట్టుకుని ఒంటరిదైంది. తండ్రి చెప్పుల వ్యాపారి. 21 డజన్ల జోళ్ళు, 13 జతల బూట్లు ఉన్నాయని వీలునామాలో లెక్క రాయించి మరీ కన్నుమూశాడు. ఆ ప్రిసిల్లానే జాన్ పెళ్ళాడాడు. పదిమంది పిల్లలు. కొడుకుల సంతతికి ఆల్డెన్ అన్న ఇంటిపేరు ఉంటుంది కాబట్టి పట్టుకోవడం తేలిక. మా వదినగారిది సారా అనే కూతురి శాఖ అని వాళ్ళ ఇంట్లో అనుకునేవారు. అంటే తరానికో ఇంటిపేరు మారే దారి అన్నమాట.

మొదట ప్లిమత్‌లో దిగాం. రైలు కింగ్‌స్టన్ దాకే వస్తుంది, ఊళ్ళు తిరగాలంటే కారు తప్పదు. సముద్రం ఒడ్డున రాతి స్తంభాల మండపంలో, కింద గుంటలో, 1620 అని చెక్కిన రాయి ఉంటుంది. అదే ప్లిమత్ రాక్. ఆ అంకెలు చెక్కింది 1880లో. ఓడలో వచ్చినవాళ్ళు ఈ రాయి మీదే కాలు పెట్టారన్న మాట మొదటిసారి వినిపించింది 1741లో. దీని కోసం పది నిమిషాలు చాలు. దాని ఎదురుగా ఉన్న కోల్స్ హిల్ మీద ఎక్కువసేపు నిలబడండి. అక్కడ వాంపనోగ్ అనే ఆదివాసీ జాతి నాయకుడు మాససాయిట్ విగ్రహం ఉంది. ఓడ రాకముందు ఇది పటక్సెట్ అనే ఊరు. 1616, 1619 మధ్య వచ్చిన మహమ్మారి ఆ ఊరిని తుడిచిపెట్టేసింది. వలసవాళ్ళకు దొరికినవి చనిపోయినవాళ్ళు దున్నుకున్న పొలాలు. 1970 నుంచి ఏటా థాంక్స్‌గివింగ్ రోజున ఆదివాసులు ఇక్కడ సంతాప దినం పాటిస్తున్నారు. వంశవృక్షం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ముందు ఈ కొండ ఎక్కాలని నా అభిప్రాయం. ఎవరి నేల మీద ఆ చెట్టు పెరిగిందో తెలియాలి కదా.

పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియం చిన్నదే కానీ టికెట్టుకు న్యాయం చేస్తుంది. 1824లో తెరిచారు. అక్కడ లోరా స్టాండిష్ కుట్టిన పొడవాటి గుడ్డ పట్టీ ఉంది. లోరా తండ్రి మైల్స్ స్టాండిష్ ఆ వలసకు సైన్యాధిపతి. పట్టీ మీద వరసవరసగా అల్లిక, చివర తన పేరు. దారం రంగులు వెలిసిపోయినా కుట్టు ఎక్కడా వదులు కాలేదు. మా చిన్నప్పుడు బడిలో కుట్లు నేర్పి, నమూనా గుడ్డ చివర పేరు కుట్టించేవారు. సరిగ్గా అదే. సారా ఆల్డెన్ పెళ్ళాడింది లోరా అన్నగారైన అలెగ్జాండర్ స్టాండిష్‌ని. "అయితే ఈ పిల్ల మీ సారాకు ఆడపడుచు" అన్నాను. వదినగారు అద్దం మీద చెయ్యి పెట్టి చాలాసేపు కదల్లేదు. సారా పెళ్ళి నాటికి లోరా లేదు. మైల్స్ తన వీలునామాలో నన్ను నా కూతురు లోరా పక్కన పూడ్చండి అని రాసుకున్నాడు.

వీలునామాలో కూతురి పేరు. ఆ మాట నా మనసులో అక్కడే పడింది.

డక్స్‌బరీ ప్లిమత్‌కు ఉత్తరాన, కారులో కొద్దిసేపే. మొత్తం యాత్రలో ఒక్క చోటికే వెళ్ళగలం అనుకుంటే ఇక్కడికే వెళ్ళండి. 1627 భూముల పంపకంలో ఆల్డెన్‌కు వచ్చిన నేల అది. ఇప్పటికీ వంశీకుల సంఘం, ఆల్డెన్ కిండ్రెడ్ ఆఫ్ అమెరికా, చూసుకుంటోంది. అక్కడ ఇప్పుడు నిలబడి ఉన్న ఆల్డెన్ ఇల్లు జాన్ కట్టిన మొదటిది కాదు. ఆ మొదటి ఇంటి పునాది దగ్గర్లోనే 1960 తవ్వకాల్లో బయటపడింది. పెద్ద గదిలో తల పైకెత్తితే ఆల్చిప్పలు పొడి చేసి కలిపిన సున్నపు పూత. మా వైపు సముద్రతీరం పాత ఇళ్ళలో గవ్వ సున్నం గోడలు తడిమినట్టే అనిపించింది. ఇల్లు చూపించినావిడ తొందరపెట్టలేదు, అడిగినదానికల్లా ఓపిగ్గా చెప్పింది. చలికాలంలో మూసేస్తారు, వేళలు చూసుకుని బయల్దేరండి. ఆ ఊళ్ళోనే మైల్స్ స్టాండిష్ పేరుతో ఉన్న శ్మశానంలో జాన్ కొడుకు జొనాథన్ ఆల్డెన్ సమాధి పలకరాయి, 1697 నాటిది, ఇంకా చదవడానికి వస్తోంది. జాన్, ప్రిసిల్లాల రాళ్ళు మాత్రం 1930లో పెట్టినవి.

బసల సంగతి. ప్లిమత్‌లో రేవు పక్కన ఉన్న ఒక సత్రంలాంటి పాత ఇంట్లో దిగాం. సముద్రం కనపడే గది అని డబ్బు తీసుకుని కార్ల షెడ్డు వైపు గది ఇచ్చారు. మెట్లు నిటారుగా ఉన్నాయి, వదినగారి మోకాళ్ళకు నరకం. రెండో రాత్రికే ఖాళీ చేసి హైవే పక్కన మామూలు హోటలుకు మారాం. లిఫ్టు ఉంది, పొద్దున్నే ఓట్స్ జావ, పళ్ళు పెట్టారు, అద్దె కూడా తక్కువే. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు పాత ఇంటి అందం చూసి మోసపోవద్దు. శాకాహారులకు ఈ తీరంలో కష్టం, ఎటు చూసినా చేపలు, పీతలే. నేను అటుకులు, మాగాయ సీసా తీసుకెళ్ళాను. బోస్టన్ చేరాక ఆ బాధ లేదు.

అసలు పని బోస్టన్‌లో జరిగింది. మేఫ్లవర్ వంశీకుల సంఘం 1897 నుంచి ఉంది, మొదటి అయిదు తరాలను రుజువులతో సహా వెండి రంగు అట్టల పుస్తకాల్లో అచ్చువేసింది. ఆల్డెన్లది 16వ సంపుటం, అదీ ఒక్క పుస్తకంలో పట్టక భాగాలుగా వచ్చింది. సారా నుంచి అయిదో తరం దాకా అందులో దొరికింది. ఇవాళ్టి తరం నుంచి వెనక్కి వస్తే, 1841లో ఆ రాష్ట్రమంతటా జనన మరణాల నమోదు మొదలైంది కాబట్టి, ఎనిమిదో తరం దాకా రాష్ట్ర ఆర్కైవ్స్‌లో రిజిస్టర్లు ఉన్నాయి. నడుమ ఏడో తరం స్త్రీ దగ్గర తెగింది. కొడుకు మరణం నమోదులో తల్లి పేరు ఉంది, పుట్టింటి పేరు లేదు. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షంలో ఆమెకు పుట్టింటి పేరు ఇచ్చారు. ఊరి రిజిస్టరు అచ్చుప్రతిలో చూస్తే ఆ పేరు గల పిల్ల నాలుగో ఏటనే చనిపోయింది. వదినగారు ఆ పూట అన్నం ముట్టలేదు.

న్యూబరీ స్ట్రీట్‌లో న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జీనియలాజికల్ సొసైటీ గ్రంథాలయం ఉంది, 1845 నాటి సంస్థ. నేను చూసిన సేవలన్నిటిలో ఇది మొదటి స్థానంలో ఉంటుంది. అక్కడి ఉద్యోగి మా కాగితాలు పరిచి చూసి ఒక్కటే అడిగాడు: "ఆమె కోసం ఎందుకు వెతుకుతున్నారు? ఆమె తండ్రి ఆస్తి కోసం వెతకండి." నాకు నా ఆఫీసు గుర్తొచ్చింది. మా దగ్గర ఇండెక్స్ 1 మనుషుల పేర్లది, ఇండెక్స్ 2 ఆస్తులది. పేరు దొరకనప్పుడు మేం చేసేదీ అదే, భూమిని పట్టుకుని మనిషి దగ్గరికి వెళ్ళడం. ఆడపిల్ల పేరు పాత కాగితాల్లో ఎక్కడా లేకపోయినా పంపకాల దగ్గర ఉంటుంది. హక్కు వదులుకుంటూ సంతకం పెట్టాలి కదా. ఎంతమంది అక్కచెల్లెళ్ళ చేత విడుదల దస్తావేజుల మీద వేలిముద్రలు వేయించానో నాకు తెలుసు.

అయిదో తరం నుంచి కిందికి, ఆరో తరం మగవాళ్ళ వీలునామాలన్నీ ప్లిమత్ కౌంటీ రికార్డుల్లో తీశాం. రెండున్నర రోజులు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం ఒక వీలునామా. కొడుకులకు పొలం, పశువులు. కింద ఒక్క వాక్యం: కూతురికి ఒక పరుపు, కొంత డబ్బు. పేరు పక్కన ఆమె భర్త పేరు, మొదటి పేరూ ఇంటిపేరూ రెండూ. వదినగారి వంశం అదే. తెరమీద ఆ గీతల రాత చూస్తూ ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఉద్యోగి నకలు తీసి, మూలం వివరాలు వెనకాల పెన్సిలుతో రాసి ఇచ్చాడు. రుజువు కావాలంటే ప్రతి తరానికీ ఇలాంటి కాగితం ఉండాలని, అచ్చు వంశవృక్షం చాలదని చెప్పాడు.

ఆ రాత్రి హోటల్లో పొడవాటి కాగితం మీద గళ్ళు గీసి పద్నాలుగు తరాలూ నింపాం. అడుగున మా మనవరాలి పేరు. వదినగారు ఇంకో కాగితం తీసి నా ముందు పెట్టి "ఇప్పుడు మీ వైపు రాయండి" అంది. అమ్మ రాశాను, అమ్మమ్మ రాశాను. అమ్మమ్మ పుట్టింటి పేరు గడి దగ్గర పెన్సిలు ఆగిపోయింది. మన దేశంలో అప్పటికి తెల్లవారింది, రేపల్లెలో మా పెద్దమామయ్యకు ఫోన్ చేశాను. ఇంటిపేరు చెప్పాడు, ఊరూ చెప్పాడు. అమ్మమ్మ వాళ్ళమ్మ పేరు అడిగితే, "అందరూ పెద్దమ్మ అనేవారమ్మా, అసలు పేరు నాకూ తెలియదు" అన్నాడు. ఆ ఊరి పొలాల దస్తావేజులు ఏ ఆఫీసులో ఉంటాయో నాకు తెలుసు. సంక్రాంతికి వెళుతున్నాను.