లీటరుకు ఎన్ని కిలోమీటర్లు? వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు? కారు లెక్కకు ఏది మేలు?

డాలస్‌లో ఉండే మా తమ్ముడు సంక్రాంతి రోజు ఫోను చేసినప్పుడు మాటల మధ్య కార్ల ప్రస్తావన వచ్చింది. "మా కారు 30 ఇస్తుంది అన్నయ్యా, మీది ఎంత ఇస్తుంది?" అని అడిగాడు. "18" అన్నాను. పక్కనే వింటున్న నాన్నగారు "అయితే వాడి బండే నయం" అన్నారు. కాదు, నాదే నయం, అది కూడా చాలా తేడాతో. వాడు చెప్పింది గ్యాలన్‌కు మైళ్లు, నేను చెప్పింది లీటరుకు కిలోమీటర్లు. వాడి 30 మన లెక్కలో 12.8 మాత్రమే. ఈ సంగతి నాన్నగారికి వివరించబోయి, ఇన్నేళ్లుగా నేను నమ్ముకున్న లెక్క కూడా సరైనదేనా అన్న అనుమానంలో పడ్డాను.

ఆ అనుమానం తీర్చుకోవడానికి మరుసటి వారమే ఒక ప్రయాణాన్ని జాగ్రత్తగా కొలిచాను. హైదరాబాదులో బయలుదేరే ముందు ట్యాంకు నింపించాను. నాజిల్ తనంతట తాను ఆగగానే "చాలు, ఇంక పోయకండి" అన్నాను. ట్రిప్ మీటర్‌ను సున్నాకు తెచ్చి విజయవాడ వెళ్లి, తిరిగి వచ్చి, అదే బంకులో, అదే పంపు దగ్గర, మళ్లీ నాజిల్ ఆగేవరకే పోయించాను. ట్రిప్ మీటర్ 572 కిలోమీటర్లు చూపింది, రసీదు మీద 32.02 లీటర్లు అని పడింది. భాగిస్తే లీటరుకు 17.9 వచ్చింది. డాష్‌బోర్డు మాత్రం దారి పొడవునా 19.2 అని చూపిస్తూనే ఉంది. అంటే కారు తన గురించి తాను 7 శాతానికి పైగా ఎక్కువ చెప్పుకుంటోంది. మీరు ఏ కొలమానం వాడినా సరే, డాష్‌బోర్డు అంకెను కాక రసీదునూ ట్రిప్ మీటర్‌నూ నమ్మండి. ఒక్కసారి కొలిచి వదిలేయకుండా మూడు నాలుగు ట్యాంకుల సగటు తీయండి. వీలైతే పొద్దున్నే పోయించండి. పెట్రోలు ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 0.1 శాతం వ్యాకోచిస్తుంది కాబట్టి, మొదటిసారి తెల్లవారుజామునా రెండోసారి మిట్టమధ్యాహ్నమూ నింపితే లెక్క కొంచెం పక్కకు జరుగుతుంది.

ఇప్పుడు ఆ ఒక్క ప్రయాణాన్నే నాలుగు తక్కెడల్లో వేసి చూద్దాం. మన దేశంలోనూ జపాన్‌లోనూ వాడే లెక్కలో లీటరుకు 17.9 కిలోమీటర్లు. యూరప్ లెక్కలో వంద కిలోమీటర్లకు 5.6 లీటర్లు. అమెరికా లెక్కలో గ్యాలన్‌కు 42 మైళ్లు. బ్రిటన్ లెక్కలో గ్యాలన్‌కు 50.5 మైళ్లు. కారు ఒకటే, తాగిన పెట్రోలూ ఒకటే.

చివరి రెండింటికీ పేరు ఒకటే అయినా అంకెల్లో ఇంత తేడా ఎందుకంటే ఆ రెండు గ్యాలన్‌లు ఒకటి కావు. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు. అది 1707లో ఇంగ్లండు ద్రాక్షసారా కొలవడానికి ఖాయం చేసిన 231 ఘనపు అంగుళాల కొలత. అమెరికా దాన్నే ఉంచుకుంది. బ్రిటన్ మాత్రం 1824లో పాత గ్యాలన్‌లను పక్కనపెట్టి, 10 పౌండ్ల నీరు పట్టే కొత్త ఇంపీరియల్ గ్యాలన్‌ను తెచ్చింది. అది 4.546 లీటర్లు. అందుకే బ్రిటన్ సమీక్షలో 50 మైళ్లు అని చదివి, అమెరికాలో అదే కారు కొన్నవాడికి 42 మాత్రమే వస్తే కారులో లోపం వెతకనక్కరలేదు.

మైళ్లు, గ్యాలన్‌ల పక్షాన ఒక న్యాయమైన మాట ఉంది. అమెరికాలో పంపు గ్యాలన్‌లలో పోస్తుంది, రోడ్డు పక్క బోర్డు మైళ్లలో దూరం చెబుతుంది, కారు కూడా ఆ రెండింటినే కలిపి చెబుతుంది. కాబట్టి అక్కడివాళ్లకు గుణకారమూ భాగహారమూ తేలికే. వాళ్లు దాన్ని వదలకపోవడం నాకు అర్థమవుతుంది. బ్రిటన్ పద్ధతిని మాత్రం నేను సమర్థించలేను. అక్కడ పెట్రోలు అమ్మేది లీటర్లలో, దూరం చెప్పేది మైళ్లలో, కారు ఖర్చు చెప్పేది ఏ బంకులోనూ అమ్మని గ్యాలన్‌లో. సొంత కారుకు ఎంత ఖర్చవుతోందో తెలుసుకోవాలంటే ప్రతిసారీ 4.546తో గుణించాలి. నాలుగింటిలో అన్నిటికన్నా అధ్వానమైనది ఇదే.

కొలమానాలు కలగలిస్తే ఏమవుతుందో 1983 జులై 23న కెనడాలో తెలిసొచ్చింది. ఆ దేశం అప్పుడే మెట్రిక్ పద్ధతికి మారుతోంది. మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్ వెళ్లాల్సిన ఎయిర్ కెనడా బోయింగ్ 767లో ఇంధనం గేజీలు పనిచేయడం లేదు. సిబ్బంది ట్యాంకులో ఎంత ఉందో పుల్ల వేసి చూసుకున్నారు. లీటర్లను బరువులోకి మార్చే చోట లీటరుకు సుమారు 0.8 కిలో అని వేయాల్సింది పోయి, పౌండ్లకు పనికొచ్చే 1.77 వేశారు. 22,300 కిలోలు ఉండాల్సిన చోట 22,300 పౌండ్లే ఉన్నాయి, అంటే సగానికన్నా తక్కువ. 41,000 అడుగుల ఎత్తున ఎగురుతుండగా ఇంధనం అయిపోయి ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. పైలట్లు విమానాన్ని గాలిలో తేలించుకుంటూ తీసుకెళ్లి గిమ్లీ అనే ఊళ్లోని పాత వైమానిక స్థావరంలో దించారు. ఎవరి ప్రాణమూ పోలేదు.

"అలవాటైన కొలతను జనం వదలరు" అన్న వాదన తరచూ వింటుంటాం. దానికి జవాబు మా ఇంట్లోనే ఉంది. నాన్నగారు రూపాయికి 16 అణాల లెక్కతో బడికి వెళ్లారు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేటప్పటికి ఆయనకు పదేళ్లు. అంతకు ముందు ఏడాదే తూనికలు, కొలతల చట్టం వచ్చింది. వీశెలూ మణుగులూ పోయి కిలోలు వచ్చాయి. అక్షరం ముక్క రాని మా నానమ్మ కూడా సంతలో కిలోల లెక్క పట్టేసింది. పాత పేర్లు కొన్ని మిగిలాయి, కొలత మాత్రం మారింది. 11.66 గ్రాముల తులాన్ని ఇప్పుడు 10 గ్రాములుగా లెక్కకడుతున్నాం. మైలేజీ కూడా అలాంటి మాటే. మైలు పోయినా మాట ఉండిపోయింది, దాన్ని కిలోమీటర్లలో చెప్పుకుంటున్నాం. ఇన్ని కోట్లమంది, అందులో చదువు లేనివాళ్లు అంతమంది చేయగలిగిన మార్పు ఇంకో దేశానికి అసాధ్యం అంటే నేను ఒప్పుకోను.

ఇక అసలు పోటీ మెట్రిక్ లోపలే ఉంది. లీటరుకు కిలోమీటర్లా, వంద కిలోమీటర్లకు లీటర్లా? నిన్న మొన్నటి వరకు నేను మొదటిదే చాలనుకున్నాను. అది తప్పని ఒక చిన్న లెక్క తేల్చింది.

ఒక ఇంట్లో రెండు బండ్లున్నాయి. పెద్ద బండి లీటరుకు 8 ఇస్తుంది, చిన్న కారు 20 ఇస్తుంది. రెండూ నెలకు చెరో వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాయి. ఒకదాన్నే మార్చే స్తోమత ఉంది. పెద్దదాన్ని మారిస్తే 10 ఇచ్చే బండి వస్తుంది, చిన్నదాన్ని మారిస్తే 28 ఇచ్చేది వస్తుంది. ఎవరిని అడిగినా "రెండు కిలోమీటర్ల లాభం ఎక్కడ, ఎనిమిది ఎక్కడ? చిన్నదాన్నే మార్చండి" అంటారు. లీటర్లలో చూడండి. పెద్ద బండి నెలకు 125 లీటర్లు తాగేది 100కు దిగుతుంది, 25 లీటర్లు మిగులుతాయి. చిన్న కారు 50 లీటర్ల నుంచి 35.7కు దిగుతుంది, మిగిలేది 14.3 లీటర్లే. రెండు కిలోమీటర్ల లాభమే గెలిచింది.

అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో సైన్స్ పత్రికలో చూపించింది ఈ పొరపాటునే. గ్యాలన్‌కు మైళ్లు అని చెబితే జనం పొదుపును తప్పుగా అంచనా వేస్తారనీ, దూరానికి ఎంత ఇంధనం అని చెబితే సరిగ్గా వేస్తారనీ వాళ్లు తేల్చారు. 2013 మోడల్ కార్ల నుంచి అక్కడ కొత్త కారు కిటికీకి అంటించే చీటీ మీద వంద మైళ్లకు ఎన్ని గ్యాలన్‌లు అన్న అంకె కూడా వేస్తున్నారు. మన దగ్గరా షోరూమ్‌లో లీటరుకు ఎంత ఇస్తుందో చెబుతారు కానీ, కార్ల కంపెనీలకు ప్రభుత్వం పెట్టిన సగటు ఇంధన పరిమితి వంద కిలోమీటర్లకు లీటర్లలోనే ఉంది. 2017-18 నుంచి 5.5 లోపు, 2022-23 నుంచి 5 లోపు. కొనేవాడికి ఒక అంకె, నియమం పెట్టేవాడికి ఇంకో అంకె ఎందుకు ఉండాలి? కొనేవాడికీ ఆ అంకెనే చెప్పాలి.

సగటు తీసేటప్పుడూ ఇదే చిక్కు. విశాఖ నుంచి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు లీటరుకు 10 ఇచ్చిన కారు దిగేటప్పుడు 20 ఇచ్చిందనుకుందాం. సగటు 15 అనిపిస్తుంది. దూరం వంద కిలోమీటర్లనుకుంటే వెళ్లేటప్పుడు 10 లీటర్లు, వచ్చేటప్పుడు 5 లీటర్లు అయ్యాయి. మొత్తం 200 కిలోమీటర్లను 15 లీటర్లతో భాగిస్తే అసలు సగటు 13.3 వస్తుంది. యూరప్ లెక్కలో ఇదంతా అక్కర్లేదు. 10కీ 5కీ సగటు 7.5, అంతే.

మన జేబుకు సంబంధించిన సౌకర్యం ఇంకొకటుంది, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. లీటరు పెట్రోలు 100 రూపాయలు అనుకుంటే, వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లో కిలోమీటరుకు అన్ని రూపాయలు. నా 5.6 లీటర్లు అంటే కిలోమీటరుకు 5 రూపాయల 60 పైసలు. ధర 100 కన్నా ఎంత శాతం ఎక్కువుంటే అంత శాతం కలుపుకుంటే చాలు. 17.9 అన్న అంకె నాకు ఎప్పుడూ ఇంత సూటిగా ఖర్చు చెప్పలేదు.

ఆ 5.6 లీటర్లనే ఇంకోలా చూడవచ్చు. కారు తాగిన పెట్రోలును దారి పొడవునా తీగలా పరిచామనుకోండి. దాని మందం పావు మిల్లీమీటరు కన్నా కొంచెం ఎక్కువ. ఇంటి నుంచి విజయవాడ దాకా ఆ సన్నని తీగను అందుకుంటూ కారు పోతోందన్న ఊహ వచ్చినప్పటి నుంచి అనవసరంగా యాక్సిలరేటర్ తొక్కబుద్ధి కావడం లేదు.

లీటరుకు కిలోమీటర్ల లెక్కను పూర్తిగా వదిలేయమనను. రాత్రి పూట హైవే మీద పెట్రోలు దీపం వెలిగినప్పుడు కావలసింది అదే. ట్యాంకులో 5 లీటర్లు మిగిలితే 5 పద్దెనిమిదులు 90, తర్వాతి బంకు దాకా వెళ్లగలం. ఆ క్షణంలో వంద కిలోమీటర్ల లెక్క పనికిరాదు. ఉన్న పెట్రోలుతో ఎంత దూరం పోగలం అన్న ప్రశ్నకు అది మేలు. ఏ కారు కొనాలి, ఏది అమ్మాలి, నెలకు ఎంత ఖర్చు అన్న ప్రశ్నలకు మాత్రం వంద కిలోమీటర్లకు లీటర్లే మేలు. మార్చుకోవడమూ సులువే. మన మైలేజీతో 100ను భాగించండి, అమెరికా అంకె అయితే 235ను, బ్రిటన్ అంకె అయితే 282ను.

పోయిన ఆదివారం తమ్ముడికి ఫోను చేశాను. 30 ఇచ్చే కారును అమ్మేసి 40 ఇచ్చే హైబ్రిడ్ కొందామనుకుంటున్నానని చెప్పాడు. ఇంట్లో 17 ఇచ్చే పాత వ్యాన్ కూడా ఉంది, దానికి బదులు 22 ఇచ్చేది దొరుకుతుందట. రెండూ దాదాపు సమానంగానే తిరుగుతాయి. ఫోనులోనే ఇద్దరం లెక్క వేశాం. కారు మారిస్తే వంద కిలోమీటర్లకు 7.8 నుంచి 5.9కు దిగుతుంది, దాదాపు 2 లీటర్ల లాభం. వ్యాన్ మారిస్తే 13.8 నుంచి 10.7కు, 3 లీటర్లకు పైగా. కాసేపు ఆగి, "అయితే ముందు వ్యానే అమ్ముతాను అన్నయ్యా" అన్నాడు.